వసిష్ఠుడి పక్కన చిన్న చుక్క

వైశాఖంలో రాత్రి ముహూర్తం. మంగళసూత్రం కట్టడం అయింది, తలంబ్రాలు అయ్యాయి, హోమగుండంలో నిప్పు ఇంకా ఎర్రగానే ఉంది. పురోహితుడు వధూవరుల్ని పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి ఉత్తరం వైపు తిప్పి నిలబెట్టాడు. కొంగుముడి లాగకుండా పెళ్లికూతురు ఒక అడుగు పక్కకి జరిగింది.

"అదుగో నాయనా, ఏడు చుక్కలు గరిటెలా ఉన్నాయి చూడు. కాడలో చివరి నుంచి రెండోది వసిష్ఠుడు. ఆయన్ని ఆనుకుని చిన్న చుక్క ఉంటుంది, అది అరుంధతి. అమ్మాయికి చూపించు."

పెళ్లికొడుకు వేలు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే వీడియో లైటు ఇద్దరి మొహాల మీద పడింది. "కనిపించిందా తల్లీ?" అని పురోహితుడు అడిగితే, "కనిపించిందండీ" అంది పెళ్లికూతురు, కళ్లు చికిలించుకుంటూ.

కనిపించి ఉండదు. అందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. వీడియో లైటు పడ్డ కంటికి మళ్లీ చీకటి అలవాటు కావాలంటే ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. ఫంక్షన్ హాలు సీరియల్ బల్బుల మధ్య ఆ ఇరవై నిమిషాలు దొరకవు. పెళ్లయిన ప్రతి జంటా ఆకాశంలో ఒక మసక నక్షత్రాన్ని వెతికి చూడాలని నియమం పెట్టుకున్న సంప్రదాయం మనది. ఆ వెతుకులాటను తంతుగా ముగించకుండా నిజంగానే చేసినవాళ్లకు ఆ చిన్న చుక్క చాలా చెప్పింది. నాలుగు వందల ఏళ్లుగా చెబుతూనే ఉంది.

ముందు చోటు, వేళ తెలియాలి.

ఖగోళ శాస్త్రవేత్తల పట్టికల్లో అరుంధతి పేరు ఆల్కర్, వసిష్ఠుడి పేరు మిజార్. రెండూ అరబ్బీ నుంచి యూరప్ చేరిన పేర్లు. గరిటె గిన్నె అంచు నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే క్రతువు, పులహుడు, పులస్త్యుడు, అత్రి అనే నలుగురూ గిన్నె అవుతారు. అంగిరసుడు, వసిష్ఠుడు, మరీచి కాడ అవుతారు. పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, ఆ ఇద్దరి మధ్య దూరానికి అయిదు రెట్లు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం తగులుతుంది. హైదరాబాదులో ధ్రువుడు దిగంతం నుంచి పదిహేడు డిగ్రీల పైచిలుకు ఎత్తులో ఉంటాడు. చెయ్యి బారుగా చాచి బిగించిన పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే పిడికిలి మీద ముప్పాతిక పిడికిలి పెట్టి చూస్తే చాలు, ధ్రువుడు అక్కడే ఉంటాడు.

ధ్రువుడు కదలడు గానీ సప్తర్షులు మన ఊళ్ల నుంచి ఏడాది పొడుగునా కనిపించరు. ఫిబ్రవరి మధ్యలో వసిష్ఠుడు రాత్రి ఎనిమిది ప్రాంతంలో ఈశాన్యాన ఉదయిస్తాడు, పది దాటితే గానీ చెట్ల పైకి రాడు. మే నెలాఖరున రాత్రి తొమ్మిదికి ఉత్తరాన యాభై డిగ్రీలకు పైగా ఎత్తులో ఉంటాడు. అరుంధతిని చూడటానికి తెలుగు నేల మీద అంతకన్నా మంచి వేళ లేదు. శ్రావణ ముహూర్తాల నాటికి రాత్రి ఎనిమిదికే వాయవ్యానికి వాలిపోయి, అర్ధరాత్రికి ముందే అస్తమిస్తాడు. కార్తీకంలోనైతే తెల్లవారుజామున రెండు గంటలు దాటాకే పైకి వస్తాడు. ఆ నెలల్లో సాయంత్రం పూట పెళ్లిలో ఎంత వెతికినా దిగంతం కింద ఉన్న చుక్క కనిపించదు. పగటి ముహూర్తంలో ఆకాశపు వెలుగులో అంత మసక చుక్కను ఏ కన్నూ పట్టలేదు. అదే న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగువాళ్లకు వసిష్ఠారుంధతులు ఎప్పుడూ అస్తమించరు. అక్కడి అక్షాంశం ఎక్కువ కావడంతో ఆ జంట ధ్రువుడి చుట్టూ తిరుగుతూ ఏడాదిలో ఏ రాత్రయినా దిగంతం పైనే ఉంటుంది.

పురోహితుడు అరుంధతిని నేరుగా చూపించలేదు, గమనించారా? ముందు ఏడు చుక్కలు చూపించాడు. తర్వాత కాడ, కాడలో ఒక చుక్క, చివరికి దాని పక్కన చిన్నది. ఈ పద్ధతికి మన తర్కశాస్త్రంలో పేరే ఉంది: స్థూలారుంధతీ న్యాయం. అరుంధతిని చూపించదలచినవాడు మొదట దాని దగ్గర్లో ఉన్న పెద్ద చుక్కను చూపించి, అదే అరుంధతి అని కన్ను అక్కడ నిలిచేలా చేస్తాడు. కన్ను నిలిచాక, అది కాదు, దాని పక్కనున్నది అని సవరిస్తాడు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ పోలిక వాడారు. కంటికి అందని సూక్ష్మ విషయాన్ని తెలిసిన దాని మీదుగా నడిపించి అందించడానికి ఆయనకు అంతకన్నా తేలిక ఉదాహరణ అక్కర్లేకపోయింది. చెట్టు కొమ్మను చూపించి చంద్రుణ్ణి చూపించే శాఖాచంద్ర న్యాయం కూడా ఇలాంటిదే.

వేదాంతంలో దాని ప్రయోజనం ఏమైనా, ఆకాశం చూసేవాళ్లకు అది నిత్యం చేసే పని. టెలిస్కోపు పట్టుకుని ఒక మసక నక్షత్రం కోసం బయల్దేరినవాడు ముందు మామూలు కంటికి కనిపించే ప్రకాశవంతమైన చుక్కను పట్టుకుంటాడు, అక్కణ్ణుంచి పటం చూసుకుంటూ ఒక్కొక్క చుక్క దాటుకుంటూ వెళ్తాడు. దాన్ని స్టార్ హాపింగ్ అంటారు. కంప్యూటర్ నడిపే టెలిస్కోపులు వచ్చినా ఇవాళ్టికీ కొత్తవాళ్లకు మొదట నేర్పేది అదే. మన పురోహితుడి నోట ఆ పాఠం వందల ఏళ్లుగా వినబడుతోంది.

ఇక కన్ను సంగతి.

చాలామంది అరుంధతి కనిపించకపోవడానికి అది వసిష్ఠుడికి మరీ దగ్గరగా ఉండటమే కారణం అనుకుంటారు. అది నిజం కాదు. రెంటి మధ్య ఎడం దాదాపు 12 ఆర్క్ నిమిషాలు, అంటే పూర్ణచంద్రుడి వెడల్పులో మూడో వంతుకు పైగా. ఆరోగ్యంగా ఉన్న కన్ను ఒక ఆర్క్ నిమిషం ఎడంలో ఉన్న రెండు బిందువుల్ని విడదీసి చూడగలదు. అంటే అవసరమైన దానికన్నా పన్నెండు రెట్ల జాగా ఉందన్నమాట. అసలు చిక్కు మసకతనంలో ఉంది. వసిష్ఠుడి వెలుగులో అరుంధతి వెలుగు అయిదారో వంతు మాత్రమే. హ్రస్వదృష్టి ఉన్నవాళ్లు కళ్లద్దాలు తీసి చూస్తే వసిష్ఠుడు ఒక చిన్న వెలుగు మరకలా వ్యాపిస్తాడు. ఆ మరకలో అరుంధతి మునిగిపోతుంది.

నేత్రపటలంలో రెండు రకాల కణాలు వెలుగును పట్టుకుంటాయి. శంకు కణాలు పగటి వెలుగులో పనిచేస్తాయి, రంగులు చూపిస్తాయి, కంటి నడిమధ్యలో కిక్కిరిసి ఉంటాయి. దండ కణాలు పన్నెండు కోట్ల దాకా ఉంటాయి. రంగులు తెలియకపోయినా, అతి కొద్ది వెలుగును కూడా పట్టే శక్తి వాటిదే. వాటిలో రోడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుగు తగిలితే అది విడిపోతుంది, చీకట్లో మళ్లీ కూడుకుంటుంది. ఆ కూడుకోవడానికి పట్టే సమయమే చీకటికి కన్ను అలవాటు పడే సమయం. మొదటి పది నిమిషాల్లో కొంత మెరుగవుతుంది, పూర్తి శక్తి రావాలంటే అరగంట కావాలి. రోడాప్సిన్ తయారీకి ఎ విటమిన్ అవసరం. అది లోపించినవాళ్లకు వచ్చేదే రేచీకటి. ఒక్కసారి మొబైల్ తెర చూస్తే ఆ అరగంట కూడబెట్టినదంతా పోతుంది. అందుకే నక్షత్రాలు చూసేవాళ్లు పటం చదవడానికి ఎర్ర గాజుకాగితం కట్టిన టార్చి వాడతారు. ముదురు ఎరుపుకు దండ కణాలు దాదాపు స్పందించవు.

ఇంకొక కిటుకు ఉంది, ఎవరైనా ఈ రాత్రే చేసి చూడొచ్చు. కంటి నడిమధ్యలో, అంటే మనం దేన్నయినా సూటిగా చూసినప్పుడు ఆ బొమ్మ పడే చోట, దండ కణాలు లేవు. సూటిగా చూస్తే మసక చుక్క మాయమవుతుంది. చూపు కొంచెం పక్కకు తిప్పి, మనసు మాత్రం ఆ చుక్క మీదే పెడితే అది తేలి వస్తుంది. పల్లెలో ఆరుబయట నులక మంచం మీద పడుకుని ఆకాశం చూసిన పిల్లలెవరికైనా ఇది అనుభవమే: చిన్న చుక్కను పట్టుకుందామని చూపు దాని మీదికి తేగానే అది జారిపోతుంది. చూపు మరోవైపు తిప్పగానే మళ్లీ అక్కడే ఉంటుంది.

ఇంత కష్టం కాబట్టే ఈ చుక్క చాలా చోట్ల కంటికి పరీక్ష అయింది. పదమూడో శతాబ్దపు పండితుడు ఖజ్వీనీ, జనం సుహా నక్షత్రంతో చూపును పరీక్షించుకుంటారని రాశాడు. సుహా అంటే అరబ్బుల అరుంధతే. జపాన్‌లో దీన్ని ఆయుష్షు చుక్క అన్నారు, ఇది కనిపించనివాడికి మరణం దగ్గరలో ఉందన్న నమ్మకంతో. మన సుశ్రుత సంహితలోనూ అరిష్ట లక్షణాలు చెప్పే చోట అరుంధతి, ధ్రువుడు, ఆకాశగంగ కనిపించనివాడికి ఆయువు తీరిందని ఉంది. ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు సమాజాలు ఒకే చుక్కను ఎంచుకోవడం యాదృచ్ఛికం అనిపించదు. వయసుతో కంటిపాప చీకట్లో పూర్తిగా విప్పారదు, కటకం మసకబారుతుంది, శుక్లం వస్తుంది. నిన్నటిదాకా చూసిన చుక్క ఇవాళ కనిపించలేదంటే అది ఆయుష్షుకు గుర్తు కాకపోయినా వయసుకు గుర్తే.

మసకతనాన్ని కొలవాలంటే ఒక కొలబద్ద కావాలి. కంటికి కనిపించే చుక్కల్ని ఒకటో తరగతి నుంచి ఆరో తరగతి దాకా విభజించడం గ్రీకుల నాటి నుంచీ ఉంది. అంకె పెరిగేకొద్దీ చుక్క మసక. ఆ పాత వరసకు గట్టి లెక్క ఇచ్చినవాడు నార్మన్ పాగ్సన్. అయిదు తరగతుల తేడా అంటే వెలుగులో సరిగ్గా నూరు రెట్ల తేడా, ఒక్క తరగతి అంటే 2.512 రెట్లు అని 1856లో ఇంగ్లండులో ప్రతిపాదించాడు. ప్రపంచమంతా ఇవాళ్టికీ ఆ లెక్కే వాడుతోంది. దాని ప్రకారం వసిష్ఠుడు 2వ తరగతి దగ్గర, అరుంధతి 4వ తరగతి దగ్గర ఉంటారు. 4వ తరగతి చుక్క నుంచి చీకట్లో పూర్తిగా విప్పారిన కంటిపాపలోకి సెకనుకు కొన్ని వేల కాంతి కణాలు వస్తాయి. అందులో ఎక్కువ భాగం నేత్రపటలం చేరకుండానే పోతాయి. మిగిలినవాటితో కన్ను చుక్కను గీస్తుంది.

పాగ్సన్ పేరు తెలుగువాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. 1861లో ఆయన మద్రాసు వేధశాలకు అధిపతిగా వచ్చి, 1891లో చనిపోయేదాకా ముప్ఫై ఏళ్లు అక్కడే ఉన్నాడు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి మచిలీపట్నం వెళ్లాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి అదే గ్రహణాన్ని వనపర్తి నుంచి పరిశీలించాడు. రఘునాథాచారి అంతకుముందే, 1867లో, వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక మసక నక్షత్రాన్ని కనిపెట్టాడు. దక్షిణాకాశంలోని ఆ నక్షత్రం పేరు ఆర్ రెటిక్యులీ. రాత్రి తర్వాత రాత్రి ఒకే చుక్కను పక్క చుక్కలతో పోల్చి తరగతి రాసుకుంటూ పోతే తప్ప అలాంటిది దొరకదు. యంత్రాలు లేని ఆ రోజుల్లో అది కేవలం కంటి శ్రద్ధ.

స్థూలారుంధతీ న్యాయం అరుంధతి దగ్గర ఆగిపోలేదు. పెద్ద చుక్క పక్కన చిన్న చుక్క, దాని వెనక ఇంకొకటి అన్నట్టు ఆ దారి ముందుకు సాగుతూనే వచ్చింది.

1617లో ఇటలీలో బెనెడెట్టో కాస్టెల్లి అనే సన్యాసి తన గురువు గెలీలియోకు ఉత్తరం రాశాడు, మిజార్‌ను టెలిస్కోపుతో చూడమని. గెలీలియో చూశాడు. వసిష్ఠుడే ఒకటి కాదు, రెండు చుక్కలు. రెంటి మధ్య ఎడం 15 ఆర్క్ సెకన్లు అని కొలిచాడు. ఇప్పటి కొలత 14 పైచిలుకు. ఆయన దగ్గరున్న చిన్న గొట్టంతో అంత దగ్గరగా కొలవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. గెలీలియో ఆశ వేరు. ఒకటి దగ్గరగా, ఇంకొకటి చాలా దూరంగా ఉండి, మన దృష్టికి పక్కపక్కనే కనిపిస్తూ ఉంటే, భూమి సూర్యుడి చుట్టూ తిరిగేకొద్దీ వాటి మధ్య ఎడం మారాలి. అలా మారితే భూమి తిరుగుతోందని నిరూపణ అవుతుంది. ఎడం మారలేదు. ఎందుకంటే అవి రెండూ ఒకే చోట ఉన్న నిజమైన జంట.

1857లో హార్వర్డ్ వేధశాలలో జార్జ్ బాండ్ గాజు పలక మీద మిజార్‌ను, పక్కనే ఆల్కర్‌ను ఫొటో తీశాడు. ఒక జంట నక్షత్రానికి తీసిన మొదటి ఫొటో అది. ఫొటో కళ ఇంకా కొత్తగా ఉన్న కాలం అది. ఆకాశంలో ఒక నక్షత్రాన్ని తొలిసారి ఫొటో తీసి అప్పటికి ఏడేళ్లే అయింది.

తర్వాతి అడుగు ఇంకా విచిత్రం. అదే హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పికరింగ్ బృందం నక్షత్రాల వెలుగును పట్టకంతో విడదీసి వర్ణపటాలు తీస్తోంది. మిజార్ జంటలో పెద్ద చుక్క వర్ణపటంలో ఒక నల్లగీత కొన్ని రాత్రులు ఒంటిగా, కొన్ని రాత్రులు రెండుగా చీలి కనిపించింది. అంబులెన్స్ దగ్గరికి వస్తుంటే దాని కూత సన్నగా, దాటిపోతుంటే బొంగురుగా వినిపిస్తుంది కదా. వెలుగులోనూ అలాంటి మార్పే జరుగుతుంది. ఒక నక్షత్రం మనవైపు వస్తూ, ఇంకొకటి దూరం జరుగుతుంటే వాటి గీతలు చెరోపక్కకు జరిగి విడిపోతాయి. రెండూ మనకు అడ్డంగా కదులుతున్నప్పుడు ఒకదానిమీదొకటి పడతాయి. ఏ టెలిస్కోపులోనూ విడిగా కనిపించని జంటను 1889లో అలా గీతల చీలికతో పట్టుకున్నారు. అలా దొరికిన మొదటి జంట అదే. ఈ పనిలో ఆంటోనియా మౌరీ పాత్ర పెద్దది; రాత్రివేళ తీసిన గాజు పలకల్ని పగలు భూతద్దంతో పరీక్షించే మహిళల బృందంలో ఆమె ఒకరు. ఆ రెండు నక్షత్రాలూ 20 రోజుల పైచిలుకులో ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి వస్తాయి. 1908లో గెలీలియో చూసిన చిన్న చుక్క కూడా జంటేనని తేలింది. వసిష్ఠుడు ఇప్పుడు నలుగురు.

అయితే అరుంధతి మాత్రం ఒంటరిగానే మిగిలింది, 2009 దాకా.

ఆ ఏడు ఎరిక్ మమాజెక్, ఆయన సహచరులు అరిజోనాలోని 6.5 మీటర్ల ఎం.ఎం.టి. టెలిస్కోపుతో దగ్గర నక్షత్రాల చుట్టూ గ్రహాల కోసం వెతుకుతున్నారు. భూమి చుట్టూ ఉన్న గాలి నిత్యం కదులుతూ నక్షత్రపు బొమ్మను చెదరగొడుతుంది. ఆ టెలిస్కోపులో ఒక పలచటి అద్దం సెకనుకు వందల సార్లు తన ఆకారం మార్చుకుంటూ ఆ చెదరడాన్ని సరిదిద్దుతుంది. ఆల్కర్‌కు ఒక ఆర్క్ సెకను దూరంలో ఒక మసక బిందువు కనిపించింది. దాదాపు అదే సమయంలో నీల్ జిమ్మర్‌మన్ బృందం కాలిఫోర్నియాలోని పాలొమార్ టెలిస్కోపుతో, ఆల్కర్ వెలుగును ఒక చిన్న తెరతో మరుగుపరచి, అదే బిందువును చూసింది. అది వెనక దూరంలో ఉన్న వేరే నక్షత్రమా, నిజంగా ఆల్కర్ తోడా అని తేల్చడానికి వాళ్లు కొన్ని నెలలు ఆగి మళ్లీ కొలిచారు. భూమి సూర్యుడి చుట్టూ జరిగేకొద్దీ దగ్గరున్న నక్షత్రాలు వెనకవాటితో పోలిస్తే కొంచెం ఊగుతాయి. బిందువు ఆల్కర్‌తో కలిసి అంతే ఊగింది. గెలీలియో మిజార్‌లో వెతికిన ఊగిసలాట ఇదే. నాలుగు వందల ఏళ్ల తర్వాత దాని పక్క చుక్కలో అది ఉపయోగపడింది.

ఆ తోడు ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం, బరువు సూర్యుడిలో సుమారు పావు వంతు. అంతకుముందే ఉపగ్రహాలు ఆల్కర్ వైపు నుంచి ఎక్స్-కిరణాలు వస్తున్నట్టు గమనించాయి. ఆల్కర్ వంటి వేడి తెల్ల నక్షత్రాల నుంచి అవి రావడం వింతే. మరుగుజ్జు నక్షత్రాలకు మాత్రం ఆ గుణం సహజం. అరుంధతి దాచుకున్న తోడు కనబడకముందే ఆనవాలు ఇచ్చిందన్నమాట. నలుగురు వసిష్ఠులు, ఇద్దరు అరుంధతులు: మొత్తం ఆరు నక్షత్రాలు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. వసిష్ఠారుంధతులు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతారు, మిగతా జంట నక్షత్రాల్లో ఒకటి కదలకుండా ఉంటే రెండోది దాని చుట్టూ తిరుగుతుంది, అందుకే పెద్దలు ఈ జంటను ఎంచుకున్నారు అన్న సందేశం ఫోన్లలో తరచూ వస్తుంది. చదవడానికి బావుంటుంది గానీ అందులో భౌతిక శాస్త్రం లేదు. ప్రతి జంట నక్షత్రమూ ఉమ్మడి భారకేంద్రం చుట్టూ తిరుగుతుంది, ఏదీ కదలకుండా ఉండదు. మిజార్‌కూ ఆల్కర్‌కూ మధ్య దూరం భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరానికి సుమారు 74,000 రెట్లని 2010లో మమాజెక్ బృందం అంచనా వేసింది, అంటే కాంతి సంవత్సరానికి పైగా. ఆ అంకెలో హెచ్చుతగ్గులకు ఇంకా చాలా చోటుంది. రెండూ గురుత్వాకర్షణతో కట్టుబడి ఉన్నాయనే ఆ బృందం తేల్చింది. కానీ ఒక చుట్టు పూర్తికావడానికి కనీసం కొన్ని లక్షల ఏళ్లు పడుతుంది. మామూలు కంటితో ఆ కదలికను ఎవరూ చూసి ఉండలేరు. పెద్దలు ఆ జంటను ఎంచుకున్నది వసిష్ఠుణ్ణి వీడని అరుంధతి కథ కోసం, వెతికితే గానీ కనబడని ఆ చుక్క కోసం. దానికి కొత్త ఆధారాలు అతికించాల్సిన అవసరం లేదు.

నిజమైన బంధుత్వం ఇంకొకటి ఉంది, అది 1869లో బయటపడింది. ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ ప్రోక్టర్ సప్తర్షుల కదలికల్ని పటం మీద గీసి చూస్తే అయిదుగురు ఒకే వేగంతో ఒకే దిక్కుగా వెళ్తున్నారు: పులహుడు, పులస్త్యుడు, అత్రి, అంగిరసుడు, వసిష్ఠుడు. వాళ్లతో పాటే అరుంధతి. క్రతువు, మరీచి మాత్రం వేరే దారిన పోతున్నారు. ఆ అయిదుగురూ దాదాపు 50 కోట్ల ఏళ్ల కిందట ఒకే వాయుమేఘంలో పుట్టిన తోబుట్టువులు, మన నుంచి సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నారు. ఇవాళ పెళ్లికూతురి కంట్లో పడే అరుంధతి వెలుగు 1940ల్లో బయల్దేరినది, ఆమె తాతమ్మ పెళ్లినాటిది.

ఆ వెలుగు అంత దూరం వచ్చి, చివరి కొద్ది కిలోమీటర్లలో నగరపు వెలుగులో కొట్టుకుపోతోంది. ఇది బాధ కలిగించే విషయం. హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన వేధశాల నిజామియా పేరుతో బేగంపేటలో నడిచిన రోజుల్లో, పారిస్ నుంచి మొదలైన ప్రపంచ నక్షత్ర పట్టిక పనిలో అది భాగం పంచుకుంది. దక్షిణాకాశంలో ఒక పట్టీతో పాటు ఉత్తరాకాశంలో 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా హైదరాబాదు చేతికి వచ్చింది. అది సప్తర్షుల గరిటెకు దిగువగా సాగే పట్టీ. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అక్కడ గాజు పలకల మీద కొలిచారు. వాటిలో అరుంధతి కన్నా వందల రెట్లు మసకైనవి ఎన్నో. ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకు వేణు బాప్పు హైదరాబాదులోనే చదువుకుని, తర్వాత దేశంలో ఖగోళ శాస్త్రానికి కొత్త రూపు ఇచ్చాడు. ఊరు వెలుగులో మునిగేకొద్దీ ఉస్మానియా విశ్వవిద్యాలయం పెద్ద టెలిస్కోపును ఊరికి దూరంగా రంగాపూర్‌లో నిలిపింది. 1960ల్లో అది చీకటి చోటు.

2023 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఒకటి ఈ వెలుగు ఎంత వేగంగా పెరుగుతోందో కొలిచింది, అదీ కళ్లతోనే. 2011 నుంచి 2022 దాకా ప్రపంచం నలుమూలల నుంచి మామూలు జనం తమకు ఏ తరగతి చుక్కల దాకా కనిపిస్తున్నాయో పంపిన 51 వేలకు పైగా పరిశీలనల్ని క్రిస్టఫర్ కీబా బృందం క్రోడీకరించింది. ఆకాశం ఏటా దాదాపు 10 శాతం చొప్పున వెలుగుతున్నట్టు తేలింది. బిడ్డ పుట్టినప్పుడు 250 చుక్కలు కనిపించిన చోట, ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి నూరు మాత్రమే మిగులుతాయి. 4వ తరగతి అరుంధతి సరిగ్గా ఆ అంచున ఉంది. నగరం నడిబొడ్డున వసిష్ఠుడు కనిపిస్తాడు గానీ ఆమె కనిపించదు. వీధి దీపాలకు పైన మూత పెట్టి వెలుగు కిందికి మాత్రమే పడేలా చేస్తే, వేళ దాటాక బోర్డుల దీపాలు ఆర్పితే, కరెంటూ మిగులుతుంది, చుక్కా కనిపిస్తుంది. ఇది చేయడానికి కొత్త పరిశోధన ఏదీ అక్కర్లేదు.

ఊరి దీపాలకు ఇరవై ముప్ఫై కిలోమీటర్ల అవతల, మే నెలలో చంద్రుడు లేని రాత్రి, డాబా ఎక్కితే ఇప్పటికీ ఆ జంట కంటికి ఇట్టే దొరుకుతుంది. చేతిలో ఒక మామూలు బైనాక్యులర్ ఉంటే ఇంకొకటి కూడా. 1722 డిసెంబరు 2 రాత్రి జర్మనీలోని గీసెన్ ఊళ్లో యోహాన్ లీబ్‌క్నెష్ట్ అనే ఆచార్యుడు మిజార్‌కూ ఆల్కర్‌కూ మధ్య ఒక ఎనిమిదో తరగతి చుక్కను చూశాడు. అది కదులుతోందని, కొత్త గ్రహమని అనుకుని, తన రాజు లుడ్విగ్ పేరు పెట్టాడు. అది గ్రహం కాదు. ఆ జంటకు చాలా వెనక ఉన్న ఒక సాధారణ నక్షత్రం. పొరపాటున పెట్టిన పేరు మాత్రం నిలిచిపోయింది. మోచేతులు పిట్టగోడకు ఆనించి, ఊపిరి ఒక క్షణం బిగపట్టి చూస్తే, వసిష్ఠుడికీ అరుంధతికీ మధ్య, కొంచెం పక్కగా, రాజు పేరున్న ఆ చిన్న చుక్క కనిపిస్తుంది.